ఆరోగ్యమాత గుట్ట కింది ఎడమ చెవి

రా తల్లీ, ఇలా దగ్గరగా వచ్చి కూర్చో. ఇంకొంచెం జరుగు. నాది వెండిరేకు గొంతు, ఇంతకంటే పెద్దగా పలకదు. బస్సుకి ఇంకా టైముందిలే. గుట్ట ఎక్కి దిగిన కాళ్ళు కాస్త చాపుకో. చెప్తాను, విను.

నేను ఒక చెవిని. ఉలిక్కిపడకు, మనిషి నుంచి కోసిన చెవిని కాదు. తమలపాకులో సగం కూడా ఉండని పలచని వెండిరేకు మీద చెవి ఆకారం ఎత్తికొట్టిన మొక్కుబడి చెవిని. పల్నాడులో, కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఆరోగ్యమాత గుట్ట కింద కొట్లో గాజుపెట్టె చూశావు కదా, అదే నా పుట్టిల్లు, అదే నా అత్తిల్లు. కాలు నొప్పి ఉన్నవాళ్ళు వెండి కాలు కొంటారు. చూపు మందగించినవాళ్ళు కళ్ళు కొంటారు. కడుపు పండాలనుకునేవాళ్ళు ఊయల. కొనుక్కుని, మెట్లెక్కి, మరియమాత పాదాల దగ్గరున్న బుట్టలో పెట్టి, మనసులో మాట చెప్పుకుని దిగిపోతారు. చెవి బాగాలేనివాళ్ళకి నేను.

నాకు చదువు రాదు. చెవికి చదువెక్కడిది! కానీ విన్నది మాత్రం ఒక్కటీ మరిచిపోను. ఈ గుంటలో పడిన మాట పడినట్టే ఉంటుంది, బావిలో పడిన చెంబులాగా.

నన్ను కొట్టింది బ్రహ్మయ్యాచారి. మన మతం వాడు కాదు గానీ, మాత అంటే భక్తి. వాళ్ళ నాన్న చేసిపెట్టిపోయిన కంచు అచ్చులు ఉండేవి అతని దగ్గర. కాళ్ళూ చేతులూ కుడివీ ఎడమవీ ఉన్నాయి గానీ, చెవికి మాత్రం ఒకటే అచ్చు, ఎడమది. ఎందుకంటే ఆ పెద్దాయన తన భార్య చెవి చూసి ఆ అచ్చు పోశాడట. ఆమె పొయ్యి దగ్గర కూర్చుంటే ఆయన కొలిమి దగ్గరికి ఎడమ పక్కే కనిపించేదట. అంతే సంగతి. ఆయన ముచ్చట కోసం, ఈ జిల్లాలో కుడి చెవి పోటున్నవాళ్ళంతా ఎడమ చెవే మొక్కుకుంటున్నారు. మాత ఏమీ అనుకోలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. బుట్టలో పడిన మేము అక్కడే ఉండిపోము. బుట్ట నిండినప్పుడల్లా కిందికి దింపుకొచ్చి, చింతపండు పెట్టి తోమి, మళ్ళీ గాజుపెట్టెలో పెడతారు. మళ్ళీ ఎవరో కొంటారు, మళ్ళీ మెట్లెక్కుతాం. వచ్చిన సొమ్ము పైన ఉన్న రోగుల సత్రంలో గంజికి పోతుంది. అలా నేను ఎందరి చేతుల్లోనో ఎక్కాను, దిగాను. ఒకాయన నన్ను పట్టుకుని, చెవి సంగతి వదిలేసి, భార్య నోరు తగ్గించమని వేడుకున్నాడు. ఇంకో ముసలామె తన చెవి బాగైతే కోడలు చాటున ఏమంటుందో వింటానంది. మాత ఆమె చెవిని అలాగే ఉంచింది. అదీ కనికరమే అనుకున్నాను.

సాయంత్రం త్రికాల జపం గంట మోగాక గుడిలో జనం పలచబడతారు. అప్పుడు బుట్టలో మేమంతా ఒకరి మీద ఒకరం, కళ్ళ మీద కాళ్ళు, కాళ్ళ మీద గుండెలు, నిద్రలో ఉన్నట్టు పడి ఉంటాం. కొవ్వొత్తి వెలుగు మా అంచుల మీద నీళ్ళలా కదులుతుంది. పగలంతా విన్న జపాలు గోడల్లోంచి మెల్లగా మళ్ళీ ఊరుతాయి. కింద కృష్ణ పారుతున్న చప్పుడేదో, ఏళ్ళ తరబడి ఇక్కడ గొణిగిన ప్రార్థనల చప్పుడేదో తెలియదు. ఆ వేళ నాకు అనిపించేది, ఈ లోకమే ఒక పెద్ద చెవి అనీ, ఎవరో మనందరి మాటా అందులో పెట్టుకుని వింటున్నారనీ.

అలాంటి రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం, ఇన్నాసమ్మ వచ్చింది.

గుట్టకి అవతల మిరపచేల ఊరు ఆమెది. మొగుడు జోజి. కూతురు జసింత, అప్పటికి పలకా బలపం పట్టిన వయసు. మెదడు జ్వరం వచ్చి తగ్గింది గానీ, తగ్గుతూ తగ్గుతూ పిల్ల వినికిడి రెండు పక్కలా పట్టుకుపోయింది. ఇన్నాసమ్మ మాటల మనిషి. ఆమె నోరు మూసుకోవడం ఎవరూ చూడలేదు. తన మాట ఒక్కటీ బిడ్డకి చేరకపోతే ఆ మనిషి ఏమైపోవాలి? నన్ను కొని, పైట పిన్నీసు తీసి, నా తమ్మె మీద చిన్న సిలువ గీసింది. బుట్టలో అంత కుప్పలో తన బిడ్డ చెవిని మాత వేరే వాళ్ళ చెవి అనుకోకూడదని! నన్ను బుట్టలో పెట్టి, పిల్లని ఎదురుగా నిలబెట్టుకుని మొక్కుకుంది. మనసులో మొక్కడం ఆమె వల్ల కాదు. పెదవులు ఆడుతూనే ఉన్నాయి.

"తల్లీ, నా బిడ్డకి మళ్ళా వినపడేటట్టు చేశావంటే, దాన్ని నీ కొడుకు సేవకే ఇచ్చేస్తా. మఠానికి పంపించి కన్యస్త్రీని చేస్తా. నీ మీద ఆన."

ఆ మాట నేను విన్నాను. ఇంకెవరూ వినలేదు అనుకున్నాను. పిల్ల వాళ్ళమ్మ ముఖంలోకే కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది.

కొన్నాళ్ళకి మిరపచేలో నీళ్ళ ఇంజను టపటపమనగానే జసింత తల తిప్పిందట. ఇన్నాసమ్మ గుట్ట కింద కొట్టు దగ్గరే నిలబడి, పైకి ఎక్కకముందే ఏడుస్తూ నవ్వుతూ అందరికీ చెప్పింది. కానీ వినపడింది ఎడమ పక్కే. కుడి చెవి మూతపడినట్టే ఉండిపోయింది. అచ్చు ఎడమది కాబట్టి ఎడమదే వచ్చిందని కొట్లో నవ్వుకున్నారు. ఇన్నాసమ్మ నవ్వలేదు. ఆ రెండో చెవిని మాత తన దగ్గరే ఆపుకుందనీ, మొక్కు తీరిన రోజున ఇస్తుందనీ ఆమె మనసులో ఒక ముల్లు నాటుకుంది. ఆ ముల్లు సంగతి ఎవరికీ చెప్పలేదు. మొగుడికీ చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. నేను ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. జసింత జాకెట్లు కుట్టడం నేర్చింది, పెద్దదైంది. మందుకొట్టే పంపులు బాగుచేసే లాజరుతో పెళ్ళి కుదిరింది. మన వాళ్ళలో పెళ్ళి కుదిరితే మూడు ఆదివారాలు పూజలో ప్రకటన చదువుతారు కదా, ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్ళి, ఎవరికైనా అభ్యంతరం తెలిస్తే చెప్పండని. రెండో ప్రకటన అయిపోయింది. ఆ వారంలో ఇన్నాసమ్మ కొట్టుకి వచ్చింది.

"జ్ఞానమ్మక్కా, ఒక కుడి చెవి ఇవ్వు. పెళ్ళిలోపు ఇంకోసారి అడిగి చూస్తా."

కొట్టు జ్ఞానమ్మ గాజుపెట్టె తెరిచింది. "కుడీ లేదు, ఎడమా లేదు, చెవే. మాత సరిచేసుకుంటదిలే, తీసుకో."

నన్ను అరచేతిలో పెట్టుకుని తిప్పిన ఇన్నాసమ్మ అక్కడే కొయ్యబారిపోయింది.

"ఏసూ, మరియమ్మా, జోజప్పా! ఇది నాదే!"

"నీదేందే? ఇంకా కొననే లేదు."

"నేను గీసిన సిలువ, చూడు! మా జసింత చెవి ఇది. అమ్మ తిప్పి పంపించింది అక్కా, నా మొక్కు తిప్పి పంపించింది!"

"అమ్మ కాదే, మేమే దింపుకొచ్చింది. బుట్ట నిండినప్పుడల్లా తెస్తాం గదా. నీకు తెలవందా ఏంది?"

"తెలుసు. అందరియీ తిరిగొస్తయ్. నాది ఇయ్యాలే, పెళ్ళి ముంగిట, నా చేతికే ఎందుకొచ్చింది? చెప్పు!"

జ్ఞానమ్మ పెట్టె మూసి డబ్బులకి చెయ్యి చాపింది. నన్నడిగితే ఇంతే తల్లీ. పెట్టెలో అడుగున ఉన్నదాన్ని, చెయ్యి తగిలింది, వచ్చాను. మనుషులకి మాత్రం ఏ వస్తువూ ఊరికే చేతికి రాదు.

కొంగున ముడేసుకుని నన్ను ఇంటికి తీసుకుపోయింది. పోయిన వెంటనే, "ఈ పెళ్ళి వద్దు. ఆపుదాం" అంది.

జోజి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఎండ దెబ్బ తగిలిందా నీకు? రెండు ప్రకటనలు అయినాక ఆపుతారటే? ఊళ్ళో మొహం ఎట్టా చూపించేది?"

"దాన్ని మఠానికి పంపిద్దాం."

"నిన్ను పంపిద్దాం. ఆ కన్యస్త్రీలు నాలుగు రోజుల్లో నిన్ను తెచ్చి మళ్ళా నా గుమ్మంలో దించకపోతే అడుగు."

జసింత కుట్టుమిషను చక్రం ఆపి వాళ్ళమ్మ ముఖం వైపు చూసింది. "ఫాదర్ దగ్గరికి పోయిరా అమ్మా" అంది, అంతే. ఆ తర్వాత మిషను చప్పుడు చాలాసేపు వినపడలేదు.

గుట్ట మీద ఫాదర్ బెర్నార్డు గారు పెద్దాయన. గుడి వరండాలో కూర్చుని, కరిగిపోయిన కొవ్వొత్తుల తుంపులన్నీ గిన్నెలో వేసి కాచి, మళ్ళీ కొత్త కొవ్వొత్తులు పోస్తున్నారు. ఇన్నాసమ్మ వెళ్ళి మెట్టు మీద కూలబడింది.

"ఫాదర్, ఆదివారం మూడో ప్రకటన చదవబాకండి."

"ఏమ్మా, పిల్లవాడిలో ఏమన్నా తేడా ఉందా?"

"పిల్లోడు బంగారం. తేడా నాలో ఉంది."

అని ముడి విప్పి, నన్ను ఆయన చేతిలో పెట్టి, మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. ఆయన మైనం పొయ్యి మీంచి దించి పూర్తిగా విన్నారు.

"జసింతకి తెలుసా ఈ మొక్కు సంగతి?"

"తెలవదు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటది గానీ, ఈ ఒక్క మాట నానింది ఫాదర్, ఇన్నేళ్ళు."

"మొక్కిందెవరు?"

"నేనే."

"ఇస్తానన్నది ఎవరిని?"

"దాన్ని."

"ఇవ్వడానికి ఆ పిల్ల నీదా?"

"కన్నాను గదా!"

"కన్నావమ్మా. కాదనను. కానీ నువ్వు మొక్కిన మొక్కు నిన్ను కడుతుంది గానీ, ఆ పిల్లని కట్టదు. నీ మీదున్న ముడిని ఇంకో మంచిపనిగా మార్చే అధికారం మన క్రైస్తవ తిరుసభ నాకిచ్చింది. ఈ నిమిషమే మార్చగలను. కానీ ఇప్పుడు మారిస్తే ముడి పోతుంది, నీ భయం పోదు."

ఇన్నాసమ్మ మెట్టు మీదే ముందుకి జరిగింది. "ఉన్న చెవి కూడా తీసేసుకుంటే ఫాదర్? ఇచ్చిన తల్లి తీసుకోదా? పెళ్ళిపందిట్లో అది నన్ను అమ్మా అని పిలిచి, నేను పలికింది వినపడక నిలబడితే?"

"ఎవరు చెప్పారు నీకు ఆ మాట?"

"ఎవరు చెప్తారు? లోపల్నించి వస్తాంది."

"లోపల్నించి వచ్చేదంతా దేవుడి మాటేనా? అది వచ్చినప్పుడు నీకు ఎలా ఉంటుంది?"

"కుక్కలు తరుముతున్నట్టు ఉంటది. ఊపిరాడదు."

"దేవుడు తన బిడ్డల్ని పిలుస్తాడమ్మా, తరమడు. ఆయన మందలించినా లోపల ఒక చల్లదనం మిగులుతుంది. ఇంత కలతలో ఉన్నప్పుడు దేన్నీ మార్చవద్దు. శనివారం దాకా రోజూ సాయంత్రం వచ్చి గుడి పీఠం దగ్గర, ప్రభువు ఉన్న దివ్యసత్ప్రసాదం ముందు కూర్చో. ఏమీ అడగవద్దు, ఏమీ మాట్లాడవద్దు. ఊరికే విను. లోపల ఏది తరుముతుందో, ఏది పిలుస్తుందో చూసుకో. ఆ తర్వాత కూడా వద్దంటే, ప్రకటన చదవను."

"మాట్లాడకుండానా?" అంది ఇన్నాసమ్మ. అంతసేపట్లో ఆమె నిజంగా భయపడింది అప్పుడేననిపించింది నాకు.

నన్ను మళ్ళీ కొంగున ముడేసుకుని వెళ్ళింది పాపం. మొదటి సాయంత్రం ఆమె పెదవులు మూసుకున్నాయి గానీ, లోపల సంత సాగుతూనే ఉంది. కొంగుముడిలో, ఆమె పక్కటెముకల దగ్గర ఉన్నాను కదా, ఆ గుండె కొట్టుకోవడం నాకు వినపడుతోంది. మరునాడు ఏడ్చింది. ఎందుకో ఆమెకే తెలియదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక, లోపల ఎక్కడో ఒక తలుపు దానంతటదే మూసుకున్నట్టయింది. కొవ్వొత్తి చిటపటలాడడం వినపడింది. గూట్లో పిచ్చుక రెక్క సర్దుకోవడం వినపడింది. గుట్ట కింద కృష్ణ వినపడింది. ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన మనిషి, కృష్ణ చప్పుడు అంత మెత్తగా ఉంటుందని అప్పటిదాకా వినలేదు. ఆమె గుండె ఆ నీళ్ళ అడుగుతో అడుగు కలిపింది. నేనూ కలలో ఉన్నట్టే ఉన్నాను. వెండికి కలలు రావంటారు, నమ్మకు.

శనివారం సాయంత్రం జసింత వచ్చి పక్కన కూర్చుంది. అమ్మ తన కుడి పక్కన ఉండేటట్టు కూర్చుంది.

"ఇటు పక్కకి రావే, అటు వినపడదు గదా" అని సైగ చేసింది తల్లి. జసింత కదలలేదు. కళ్ళు మూసుకుని ఉంది. అప్పుడు ఇన్నాసమ్మకి ఒక తోవ దొరికినట్టయింది. చెప్పే ధైర్యం లేదు, దాచే ఓపికా లేదు. వినపడని చెవిలో అయితే చెప్పొచ్చు. ఫాదర్ గారి కట్టడి కూడా మరిచిపోయి, వంగి, ఆ మూతపడిన కుడి చెవిలో గుసగుసగా చెప్పింది.

"బుజ్జీ, నిన్ను నేను ఇచ్చేశానే. నువ్వు పసిదానివప్పుడే మాటిచ్చేశా. నిన్ను అడగలేదు. నీ కుడి చెవి నా మాట కాడనే ఆగిపోయింది. నన్ను క్షమించవే."

జసింత కళ్ళు తెరిచి మెల్లగా ఇటు తిరిగింది.

"మొక్కు సంగతేనా?"

ఇన్నాసమ్మ నోరు తెరుచుకుపోయింది. "ఎట్టా వినపడిందే?"

"వినపళ్ళా. నువ్వు వంగితే ఊపిరి తగిలింది. నువ్వు దాచిన మాట ఇంకొకటి లేదు గదమ్మా, మిగతావన్నీ ఊరంతటికీ చెప్పేస్తావ్." జసింత నవ్వింది. "నాకు అప్పట్నించీ తెలుసు. చెవులు పోయినాక నీ పెదాలు చూసే కదా నేను బతికింది. ఆ రోజు నన్ను ఎదురుగా నిలబెట్టుకుని మొక్కావు. 'మఠానికి' అన్నావు. చూశా."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేమే!"

"నువ్వు చెప్తావేమో అని చూశా. మొన్న ఎండాకాలం పిన్ని వాళ్ళ ఊరు పోతానని చెప్పి, నేను పోయింది మఠానికే. కొన్నాళ్ళు అక్కడే ఉండి వాళ్ళతో కూడా జపం చేసుకున్నా. మంచి వాళ్ళమ్మా. కానీ అక్కడ జపానికి కూర్చున్నప్పుడల్లా నాకు దేవుడు గుర్తురాలా, నీ భయమే గుర్తొచ్చింది. పెద్ద సిస్టరు గారికి అంతా చెప్తే, 'నువ్వు మీ అమ్మ భయాన్ని మోసుకొచ్చావు బిడ్డా, నీ పిలుపుని కాదు. నీ పిలుపు ఎక్కడుందో ప్రశాంతంగా వెతుక్కో' అంది. ఇంటికొచ్చినాక లాజరు పంపు బాగుచేయడానికి మన చేలోకి వచ్చాడు. నాకు ఏ పక్క వినపడుద్దో ఎవరూ చెప్పలా. తనే కనిపెట్టి, చుట్టూ తిరిగి ఆ పక్కకి వచ్చి నిలబడి మాట్లాడాడు. ఆ సాయంత్రం ఇక్కడే కూర్చుని అడిగా. లోపల ఏ తరుముడూ లేదు. చల్లగా ఉంది."

ఇన్నాసమ్మ ముడి విప్పి నన్ను చూపించింది. "మరి నీ కుడి చెవి? మాత ఇవ్వకుండా ఆపుకున్నది?"

జసింత నన్ను తీసుకుని, తన కుడి చెవి మీద ఆనించుకుంది. ఆ క్షణం నేను మరిచిపోలేను తల్లీ. నిజం చెవి మీద వెండి చెవి. ఆ లోపల నేను విన్నది శూన్యం కాదు. నిండుకుండలో నీళ్ళు కదలకుండా ఉంటాయే, అలాంటి నిశ్శబ్దం.

"మాత దీన్ని ఆపుకోలేదమ్మా, నాకే ఇచ్చింది. మంచి చెవిని దిండుకేసి పడుకుంటే లోకం చప్పుడు ఏదీ ఉండదు. నీ గురక కూడా ఉండదు. అప్పుడు ఈ పక్కన ఎవరో కూర్చుని ఉన్నట్టుంటది. ఏం మాట్లాడరు. ఊరికే ఉంటారు. నా జపం అంతా ఈ పక్కనే జరుగుద్ది. దీన్ని బాగుచేయమని నువ్వు ఇంకోసారి మొక్కబాక. ఇది బాగానే ఉంది."

మాటల మనిషి దగ్గర మాట అయిపోవడం నేను విన్న మొదటిసారి అదే. ఇన్నాసమ్మ కూతురి కుడి చెవి మీద ముద్దుపెట్టుకుంది. ఆ ముల్లు, ఇన్నేళ్ళ ముల్లు, రాలి పడిన చప్పుడు ఈ చెవితో విన్నాను. పూవు రాలినంత చప్పుడు కూడా చేయలేదు.

ఆదివారం ఫాదర్ గారు మూడో ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని ఆగారు. జోజి గుండెలు చేత్తో పట్టుకుని పెళ్ళాం వంక చూశాడు. ఆమె లేవలేదు. ఆయన గట్టిగా ఊపిరి వదిలేసరికి పక్క బెంచీలో వాళ్ళు నవ్వారు.

పూజ అయ్యాక ఫాదర్ గారు మొక్కు మార్చి ఇచ్చారు. "నీది కానిదాన్ని ఇస్తానన్నావు. ఇప్పుడు నీది ఇవ్వు. సత్రంలో పలకరించే దిక్కులేని రోగులున్నారు. శనివారం శనివారం వచ్చి వాళ్ళ పక్కన కూర్చుని విను. సలహాలు వద్దు, నీ కథలు వద్దు. వినడమే."

"అంతకంటే నన్ను మోకాళ్ళ మీద గుట్ట ఎక్కమనండి ఫాదర్" అంది. కానీ వెళ్ళింది. బతికినన్నాళ్ళూ వెళ్ళింది. మొదట్లో నాలుక కరుచుకుని కూర్చునేది. తరువాత్తరువాత, ఆమె వచ్చిందంటే మంచాల్లోని వాళ్ళు కళ్ళు తుడుచుకుని లేచి కూర్చునేవాళ్ళు. కొంతమంది రోగం తగ్గి ఇంటికి పోయారు. కొంతమంది తగ్గకుండానే, చెప్పుకోవాల్సింది చెప్పుకుని, ప్రశాంతంగా పోయారు. ఏది స్వస్థతో, ఏది కాదో విడదీసి చెప్పే తెలివి నాకు లేదు. ఆ రెండు రకాల వాళ్ళ ఊపిరీ ఆఖరికి ఒకేలా వినపడింది, నీళ్ళలాగా.

ఆమె కొంగుముడిలోనే ముసలిదాన్నయ్యాను. ఆమె ప్రభువు దగ్గరికి పోయాక, జసింత నన్ను ఇంట్లో దాచుకోలేదు. చంకలో మనవరాలిని వేసుకుని వచ్చి, మళ్ళీ ఈ గాజుపెట్టెలో వదిలింది. "ఇంకెవరికి అవసరమో" అంది. పక్కనే లాజరు ఉన్నాడు, ఎడమ వైపునే.

అదిగో, మీ బస్సు హారను కొడుతోంది. వెళ్ళు తల్లీ. నన్ను కొనకపోయినా ఫర్వాలేదు. తమ్మె మీద ఆ సిలువ గీత ఒకసారి వేలితో తడిమి పో, చింతపండు ఎంత తోమినా అది పోలేదు. దేవుడు తమ దగ్గర ఏదో ఆపుకున్నాడని ముఖం ముడుచుకుని కూర్చున్నవాళ్ళు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒకరు ఉంటారు. వాళ్ళ పక్కన కూర్చుని, ముందు వాళ్ళు చెప్పింది విను. తర్వాత, ఇన్నాసమ్మ కథ నీకు గుర్తున్నంత వరకు చెప్పు. వాళ్ళకి ఏ పక్క వినపడుతుందో చూసుకుని, ఆ పక్కకి జరిగి చెప్పు.